తాళం కొనే ముందు పెరటి తలుపు చూడండి

ఆ రోజు మార్కెట్ తెరవడానికి ఇంకా పావుగంట ఉందనగా చార్జింగ్ నుంచి ఫోను తీశాను. తెర మీద కంపెనీ గుర్తు వెలిగింది, ఆరిపోయింది, మళ్లీ వెలిగింది. రాత్రి ఏదో అప్‌డేట్ సగంలో ఆగినట్టుంది. బటన్ ఎన్నిసార్లు నొక్కి పట్టుకున్నా అదే వరస. ముందురోజు మార్కెట్ మూసే వేళకు కొన్న షేర్లకు స్టాప్‌లాస్ (ధర ఒక హద్దు దాటి పడితే వాటంతటవే అమ్ముడయ్యే ఆర్డర్) పెట్టలేదు, పొద్దున పెట్టొచ్చులే అనుకున్నాను. లాప్‌టాప్ తెరిచి పాస్‌వర్డ్ కొడితే 6 అంకెల కోడ్ అడిగింది. ఆ కోడ్ ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ ఉన్నది ఆ చచ్చిన ఫోన్లోనే.

ఇంట్లో ఇంకో ఫోను తీసుకుని బ్రోకర్ కస్టమర్ కేర్‌కి చేశాను. పూర్తి పేరు, పుట్టిన తేదీ, రిజిస్టర్ చేసిన ఈమెయిల్, బ్యాంకు ఖాతా చివరి 4 అంకెలు అడిగారు. చెప్పాను. "సార్, మీ ఖాతాకి టూ ఫ్యాక్టర్ తీసేశాను, ఇప్పుడు పాస్‌వర్డ్‌తో వెళ్లండి" అన్నాడు ఆ అబ్బాయి, ఎంతో మర్యాదగా. టూ ఫ్యాక్టర్ అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే ఆ రెండో తాళమే. మార్కెట్ తెరిచేసరికి లోపల ఉన్నాను. అతనికి రెండుసార్లు థాంక్స్ చెప్పాను.

నిద్ర పట్టనిది ఆ రాత్రి. ఫోన్ చేసింది నేనేనని అతనికి ఎలా తెలిసింది? నేను చెప్పిన ఆ నాలుగు వివరాలూ ఇన్నేళ్లలో నేను నింపిన ప్రతి దరఖాస్తులోనూ ఉన్నాయి. అవి ఎవరి చేతిలో పడితే వాళ్లే నేను. ఏడాదిపాటు రోజూ శ్రద్ధగా కొట్టిన ఆ 6 అంకెలు ఆ పొద్దున ఆపింది నన్ను ఒక్కడినే. దొంగయితే అసలు ఆ పేజీ దాకా వచ్చేవాడే కాదు, నేరుగా ఫోన్ చేసేవాడు.

అందుకే ఇప్పుడు "ట్రేడింగ్ ఖాతాకి రెండో తాళంగా ఏ డివైస్ మంచిది?" అని ఎవరు అడిగినా నేను డివైస్ పేరుతో మొదలుపెట్టను. అది పోయిన రోజు మీ బ్రోకర్ మిమ్మల్ని ఎలా లోపలికి రానిస్తాడో ముందు కనుక్కోమంటాను. వీధి తలుపుకి ఎంత గట్టి తాళం వేసినా పెరటి తలుపుకి గడియ లేకపోతే ఆ ఇంటికి తాళం లేనట్టే. డివైస్ ఎంచుకోవడం ముఖ్యమే, దాని గురించి చాలా చెప్పాలి కూడా. కానీ ఈ వరస తప్పితే ఎంత మంచిది కొన్నా ఉపయోగం లేదు.

బ్రోకరేజీ ఖాతా గురించి చాలామందిలో ఒక ధీమా ఉంటుంది. "డబ్బు బయటికి తీస్తే నా బ్యాంకు ఖాతాకే వెళ్తుంది, దొంగ లోపలికి వచ్చినా ఏం చేసుకుంటాడు?" అని. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. 2025 మొదటి నెలల్లో జపాన్‌లో జరిగింది చదివాక ఆ ధీమా పోయింది. దొంగలు నకిలీ పేజీలతోనూ కంప్యూటర్లలోకి చొప్పించిన దొంగ ప్రోగ్రాంలతోనూ (మాల్‌వేర్) పాస్‌వర్డ్‌లు సంపాదించి మామూలు మదుపరుల ఖాతాల్లోకి దిగారు. అక్కడున్న షేర్లు అమ్మేశారు. ఆ డబ్బుతో, ఎవరూ పెద్దగా కొనని చిన్న కంపెనీల షేర్లు ఎగబడి కొన్నారు. అవి తాము ముందే కొని పెట్టుకున్న షేర్లు. ధర ఎగిసింది, తమవి అమ్ముకుని వెళ్లిపోయారు. ఖాతాదారుడికి మిగిలింది ఎవరూ కొనని షేర్లు. ఒక్క యెన్ కూడా "విత్‌డ్రా" కాలేదు, అయినా ఏళ్ల పొదుపు కరిగిపోయింది. ఆ ఏడాది జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఇలా దొంగచాటుగా జరిగిన అమ్మకాలు, కొనుగోళ్లు కలిపి 30 వేల కోట్ల యెన్లు దాటాయని అక్కడి ఆర్థిక సేవల ఏజెన్సీ లెక్క తేల్చింది. ఆ దెబ్బతోనే అక్కడి బ్రోకర్లు రెండో తాళాన్ని తప్పనిసరి చేసే దారి పట్టారు.

అంటే మన ఖాతాలో దొంగకి కావాల్సింది డబ్బు కాదు, ఆర్డర్ వేసే బటన్. దాన్ని కాపాడే రెండో తాళం ఎంత గట్టిదో చూడాలి.

ఎస్ఎంఎస్ ఓటీపీ గురించి త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. అది ఏమీ లేనిదానికంటే నయం, అంతే. ఓటీపీ వచ్చేది మీ ఫోనుకి కాదు, మీ నంబరుకి. మొబైల్ కంపెనీ ఉద్యోగిని ఒప్పించో మోసగించో మీ నంబరుని ఇంకో సిమ్ మీదికి ఎక్కించుకుంటే ఆ కోడ్ వాళ్లకే వెళ్తుంది. ఇలాంటి సిమ్ స్వాప్ మీద అమెరికాలో ఎఫ్‌బీఐకి 2021లో 1,611 ఫిర్యాదులు వచ్చాయి, పోయింది 6 కోట్ల 80 లక్షల డాలర్లకు పైనే. అక్కడి షేర్ మార్కెట్లకు కాపలా ఉండే ఎస్ఈసీకే 2024 జనవరిలో ఇది జరిగింది. సిమ్ స్వాప్‌తో దాని ఎక్స్ ఖాతాలోకి దూరి, బిట్‌కాయిన్ ధరతో నడిచే ఫండ్లకు (ఈటీఎఫ్‌లకు) అనుమతి వచ్చేసిందని దొంగ పోస్ట్ పెట్టారు. అందులో నన్ను కలవరపెట్టిన సంగతి ఇంకోటి. ఖాతాలోకి వెళ్లడం ఇబ్బందవుతోందని 2023 జులైలో ఆ ఖాతా టూ ఫ్యాక్టర్‌ని తీయించారు, ఈ దాడి జరిగేదాకా మళ్లీ పెట్టలేదు. నా ఖాతాకి ఆ అబ్బాయి చేసిన సాయం లాంటిదే అది.

ఆథెంటికేటర్ యాప్ ఎస్ఎంఎస్ కంటే మేలు, ఎందుకంటే మధ్యలో మొబైల్ కంపెనీ లేదు. మొదటిసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య మీ ఫోన్లోకి వస్తుంది, దాని జంట బ్రోకర్ సర్వర్‌లో ఉంటుంది. ఆ రహస్యాన్నీ అప్పటి టైమునూ కలిపి లెక్కకట్టి, మామూలుగా ప్రతి 30 సెకన్లకూ ఒక కొత్త కోడ్ తీస్తారు. ఇద్దరి లెక్కా ఒకటే కాబట్టి జవాబు కలుస్తుంది. ఫోను గడియారం తప్పితే సరైన కోడ్ కూడా చెల్లదు. కోడ్ పనిచేయట్లేదని కంగారుపడే చాలామంది సెట్టింగ్స్‌లో టైమ్‌ని ఆటోమేటిక్‌కి మార్చుకుంటే చాలు.

కానీ ఈ కోడ్‌కి ఒక లోపం ఉంది. దాన్ని ఎక్కడ కొడుతున్నామో దానికి తెలియదు.

మా అక్క లెక్కల్లో నాకంటే దిట్ట, పైసా తేడా వచ్చినా పట్టుకుంటుంది. ఒక సాయంత్రం ఫోన్ చేసింది. "ఒరేయ్, వివరాలు సరిచూసుకోకపోతే నా ట్రేడింగ్ ఖాతా ఆపేస్తామని మెసేజ్ వచ్చింది. లింక్ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాను, ఇప్పుడు యాప్‌లో కోడ్ అడుగుతోంది. కొట్టెయ్యనా?"

"అక్కా, ఆగు, కొట్టకు. పైన అడ్రసు ఏముందో ఒక్కొక్క అక్షరం చదువు."

చదివింది. బ్రోకర్ పేరు సరిగ్గానే ఉంది, ఆ తర్వాత ఒక చిన్న గీత, దాని పక్కన ఇంకో మాట. పేజీ రంగులు, గుర్తు, కింద ఉన్న హెచ్చరికలు అన్నీ అసలువే. ఆమె ఆ కోడ్ కొట్టి ఉంటే అవతల కాచుకుని ఉన్న ప్రోగ్రాం అదే క్షణంలో దాన్ని అసలు సైట్‌లో కొట్టేసేది. 30 సెకన్లు కంప్యూటర్‌కి చాలా ఎక్కువ సమయం. పాస్‌వర్డ్ వెంటనే మార్పించాను. ఆ తర్వాత ఆమె అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "రోజూ ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చి, అడ్రసులో ప్రతి అక్షరం చదవమంటే ఎవరి వల్ల అవుతుందిరా?"

ఎవరి వల్లా కాదు. సైట్ అసలుదా నకిలీదా అని తేల్చే పని మనిషి కంటి మీద వదిలేసే ఏ తాళమైనా ఏదో ఒక రోజు ఓడిపోతుంది. ఎస్ఎంఎస్ అయినా, యాప్ అయినా, చేతిలో పట్టే కోడ్ టోకెన్ అయినా ఈ విషయంలో అన్నీ ఒకటే. లాగిన్ అయ్యేది మీరేనా అని ఫోనుకి నోటిఫికేషన్ పంపి "అవును" నొక్కమనే పద్ధతీ అంతే. 2022 సెప్టెంబరులో ఉబర్‌లో పనిచేసే ఒక కాంట్రాక్టర్‌కి వరసగా నోటిఫికేషన్లు పంపి, విసిగిపోయి ఒకసారి ఒప్పుకునేదాకా వదలకుండా లోపలికి దూరారు.

కోడ్ టోకెన్ అన్నాను కదా, కొందరు బ్రోకర్లు ఇప్పటికీ ఇస్తారు. చిన్న తెర, అందులో మారుతూ ఉండే అంకెలు. ఫోన్‌తో సంబంధం లేదు, అదొక సుఖం. కానీ బ్యాటరీ సీలు వేసి ఉంటుంది, మార్చలేం. చాలావాటికి కాలం తీరే తేదీ ఉంటుంది, అది ముందే చూసి రాసుకోవాలి. దీనికీ రహస్యం రెండు చోట్లా ఉంటుంది, మీ చేతిలో ఒకటి, అవతల ఒకటి. 2011 మార్చిలో టోకెన్లు తయారుచేసే ఆర్ఎస్ఏ కంపెనీలోకే దొంగలు దూరారు. అక్కడ ఎత్తుకెళ్లిన సమాచారాన్ని లాక్‌హీడ్ మార్టిన్ అనే ఆయుధాల కంపెనీ మీద దాడికి వాడారని తేలాక, ఆర్ఎస్ఏ తన కస్టమర్లకు టోకెన్లు మార్చి ఇస్తానని ముందుకొచ్చింది. టోకెన్‌ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు.

ఇక నేను నమ్మేది సెక్యూరిటీ కీ. బొటనవేలంత ఉండే వస్తువు, తాళంచేతుల గుత్తికి తగిలించుకోవచ్చు. యూఎస్‌బీలో పెట్టి దాని మీద ఉన్న లోహపు చుక్కను వేలితో తాకాలి, లేదా ఫోను వెనక ఆనించాలి. పని చూస్తే చాలా చిన్నది. దాని వెనక ఉన్న ఆలోచన మాత్రం మిగతా అన్నిటికంటే వేరు. మీరు ఒక సైట్‌లో కీని రిజిస్టర్ చేసినప్పుడు అది ఆ సైట్ కోసమే ఒక తాళంచెవుల జంట తయారుచేస్తుంది. రహస్యమైనది కీలోనే ఉండిపోతుంది, రెండోది సైట్‌కి వెళ్తుంది. లాగిన్ సమయంలో సైట్ ఒక ప్రశ్న పంపుతుంది, కీ దాని మీద సంతకం చేస్తుంది. ఆ సంతకంలో సైట్ అడ్రసు కూడా కలుస్తుంది, దాన్ని చెప్పేది బ్రౌజర్, మనిషి కాదు. అక్క తెరిచిన పేజీలో కీ పెట్టి ఉంటే ఆ అడ్రసుకి తన దగ్గర ఏమీ లేదని ఊరుకునేది. ఆ చిన్న గీత ఆమె చూడకపోయినా కీ చూసేది. సైట్ సర్వర్‌లోంచి ఏది దొంగిలించినా అది సంతకం చేయడానికి పనికిరాదు.

ఇది కాగితం మీది మాట కాదు. 2022 జులైలో క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఉద్యోగులకు నకిలీ లాగిన్ పేజీ లింక్ ఎస్ఎంఎస్‌లో వచ్చింది. ముగ్గురు నమ్మి పాస్‌వర్డ్ ఇచ్చేశారు. అందరూ సెక్యూరిటీ కీలు వాడుతున్నారు కాబట్టి దొంగలు లోపలికి రాలేకపోయారు. అదే రోజుల్లో అదే రకం దాడికి ట్విలియో అనే ఇంకో కంపెనీ దొరికిపోయింది. గూగుల్ 2019లో చెప్పిన లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఒక మనిషినే గురిపెట్టి చేసిన దాడుల్లో ఎస్ఎంఎస్ కోడ్ ఆపింది 76 శాతం, ఫోనుకి వచ్చే నోటిఫికేషన్ 90 శాతం. సెక్యూరిటీ కీ వాడినవాళ్లలో ఒక్కరి ఖాతా కూడా పోలేదు.

ఏ కీ కొనాలంటే, బ్రాండ్ కంటే ముందు రెండు సంగతులు చూస్తాను. ఎఫ్ఐడీఓ2 (పైన చెప్పిన సంతకం పద్ధతికి ఉన్న ప్రమాణం) ఉందా, నేను రోజూ వాడే ఫోనుకీ లాప్‌టాప్‌కీ రెండింటికీ అది కలుస్తుందా. టైప్-సీ, ఎన్ఎఫ్‌సీ (ఫోను వెనక ఆనిస్తే పనిచేసేది) రెండూ ఉన్నది తీసుకుంటే చాలావరకు ఇబ్బంది ఉండదు. బ్లూటూత్‌వి నేను వద్దంటాను. చార్జింగ్ పెట్టాల్సిన వస్తువు చార్జింగ్ లేని రోజునే అవసరమవుతుంది. పైగా గూగుల్ తన బ్లూటూత్ టైటాన్ కీలో లోపం బయటపడి 2019 మేలో ఉచితంగా మార్చి ఇవ్వాల్సి వచ్చింది. బ్యాటరీ, తెర లేనిది ఏళ్ల తరబడి పడి ఉన్నా పనిచేస్తుంది. కొన్నాక దానికి పిన్ పెట్టండి. ఉదాహరణకు యూబీకీ అనే బ్రాండ్ కీలో పిన్ వరసగా 8 సార్లు తప్పు కొడితే ఆ భాగం లాక్ అయిపోతుంది, రీసెట్ చేస్తే లోపలివన్నీ చెరిగిపోతాయి. దొంగకి అది అడ్డమే, పిన్ మరిచిపోయిన మనకీ అడ్డమే.

కీలకు లోపాలు లేవని నేను అనను. 2024 సెప్టెంబరులో యూబీకీ 5 రకంలో, 5.7 కంటే ముందు ఫర్మ్‌వేర్ (కీ లోపలి ప్రోగ్రాం) ఉన్నవాటిలో ఒక లోపం బయటపడింది. దాని లోపలి ఇన్ఫినియాన్ చిప్‌ది ఆ తప్పు, పద్నాలుగేళ్లుగా ఎవరి కంటా పడలేదు. ఫర్మ్‌వేర్ మార్చే వీలు లేదు, పాత కీ పాతదే. అది విన్నప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. తర్వాత వివరంగా చదివాను. లోపలి రహస్యం తీయాలంటే దొంగ నా కీని చేతికి తీసుకోవాలి, దాన్ని విప్పాలి, ఖరీదైన పరికరాలు పెట్టి లోపలి సిగ్నల్స్ కొలవాలి, నాకు తెలియకముందే తిరిగి పెట్టేయాలి. నా ఖాతా కోసం ఎవరూ అంత చేయరు. నా పాత కీని పారేయలేదు, కొత్తగా కొన్నప్పుడు మాత్రం 5.7 వచ్చిందో లేదో చూసుకున్నాను.

రెండు కీలు కొనాలి, ఒకటి కాదు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. కీలో ఉన్నదాన్ని ఇంకో కీలోకి కాపీ చేయలేం, అదే దాని బలం. కాబట్టి రెండోదాన్ని మొదటిరోజే, మొదటిదానితో పాటే రిజిస్టర్ చేయాలి. ఒకటి మన దగ్గర, ఇంకోటి ఇంకో కప్పు కింద. రెండూ ఒకే బ్యాగులో పెట్టుకుని తిరిగేవాళ్లను చూశాను, ఆ బ్యాగు పోతే రెండూ పోయినట్టే. కొందరు బ్రోకర్లు ఒక్క కీనే రిజిస్టర్ చేయనిస్తారు. అలాంటి చోట రెండో దారి తప్పకుండా ఇంకేదో ఉంటుంది, అది ఏమిటో తెలుసుకునేదాకా నేను ఆ ఖాతాలో పెద్ద మొత్తం ఉంచను.

కీ కొనడం ఇష్టం లేనివాళ్లకు పాస్‌కీ ఉంది. ఇదీ సంతకం పద్ధతే, నకిలీ సైట్‌కి లొంగదు. మీ ఫోనే కీ అవుతుంది. ఆపిల్, గూగుల్ ఖాతాలతో మీ మిగతా డివైస్‌ల్లోకీ అదే వెళ్తుంది కాబట్టి ఫోను చెడిపోయినా పోదు. చాలామందికి ఇదే సరిపోతుందని నా అభిప్రాయం. కాకపోతే ఇప్పుడు భారమంతా ఆ ఆపిల్ లేదా గూగుల్ ఖాతా మీద పడుతుంది. ఆ ఖాతా ఎస్ఎంఎస్‌తో తెరుచుకుంటే పాస్‌కీలో ఉన్న బలం సగం పోయినట్టే.

ఇక్కడే మళ్లీ పెరటి తలుపు.

కీ రిజిస్టర్ చేసిన రోజున నేనొక పని చేస్తాను. ఎప్పుడూ వాడని బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, కీ అడిగినప్పుడు దాన్ని పెట్టకుండా పేజీ అంతా వెతుకుతాను. చాలాచోట్ల కింద చిన్న అక్షరాల్లో "ఇంకో పద్ధతిలో ప్రయత్నించండి" అని ఉంటుంది. నొక్కితే "ఎస్ఎంఎస్ పంపాలా?" అంటుంది. నా కీ అంతా ఆ ఒక్క లైన్‌తో వృథా. సెట్టింగ్స్‌లో ఎస్ఎంఎస్‌ని తీసేసే వీలుంటే తీసేస్తాను, లేకపోతే రాసి అడుగుతాను. తర్వాత "పాస్‌వర్డ్ మరిచిపోయాను" నొక్కి అది ఏమేం అడుగుతుందో చూస్తాను. ఆ తర్వాత మొబైల్ యాప్. వెబ్‌సైట్‌లో కీ అడిగి, యాప్‌లో నాలుగంకెల పిన్‌తో వదిలేసే బ్రోకర్లు ఉన్నారు.

పాస్‌వర్డ్ రీసెట్ లింక్ వచ్చేది ఈమెయిల్‌కే. అందుకే మీ బ్రోకర్ కీలను ఒప్పుకోకపోయినా కీ కొనమంటాను, మొదట ఈమెయిల్‌కి పెట్టమంటాను. ట్రేడింగ్ ఖాతాకి ఎస్ఎంఎస్ తప్ప దిక్కు లేకపోతే మొబైల్ కంపెనీతో సిమ్‌కి పోర్ట్ లాక్ (నంబరు ఇంకోచోటికి మారకుండా ఆపేది), పిన్ ఏవైనా ఉంటే పెట్టించండి. ప్రతి ఆర్డర్‌కీ నోటిఫికేషన్ వచ్చేలా చేసుకోండి. జపాన్‌లో జరిగినలాంటిది మొదటి ఆర్డర్ దగ్గరే కనబడితే మిగతా షేర్లయినా నిలుస్తాయి.

ప్రోగ్రాంతో ట్రేడింగ్ చేసే మిత్రులకు ఒక మాట. పొద్దున్నే లాగిన్ అవ్వడానికి, క్యూఆర్ కోడ్ వెనక ఉన్న రహస్యాన్ని తీసి స్క్రిప్ట్‌లో, పాస్‌వర్డ్ పక్కనే రాసుకుంటున్నారు. ఎందుకు చేస్తారో నాకు తెలుసు, నేనూ కొన్ని నెలలు అదే చేశాను. ఒకరోజు ఆ ఫోల్డర్‌ని క్లౌడ్ బ్యాకప్‌లో చూసుకుని గుండె జారింది. రెండు తాళాల చెవులూ ఒకే ఫైల్లో ఉంటే అది ఒక్క తాళమే. బ్రోకర్ అధికారికంగా ఇచ్చే ఏపీఐ కీ (ప్రోగ్రాం లోపలికి వెళ్లడానికి ఇచ్చే కోడ్) తీసుకోండి, వీలుంటే దాన్ని మీ ఐపీ అడ్రసుకి (మీ ఇంటర్నెట్ కనెక్షన్ నంబరుకి) కట్టండి, డబ్బు బయటికి పంపే అనుమతి దానికి ఇవ్వకండి.

కీ ఆపలేనిది కూడా ఒకటుంది. లాగిన్ అయిపోయాక బ్రౌజర్ దాచుకునే సెషన్‌ని (మీరు లోపలికి వచ్చారనే గుర్తుని) మాల్‌వేర్ ఎత్తుకుపోతే కీ ఏమీ చేయలేదు, దాని పని అప్పటికే అయిపోయింది. ట్రేడింగ్ చేసే బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్లు పెట్టకుండా, పని అవగానే లాగౌట్ చేయడం నాకు అలవాటైంది.

ఆ పొద్దున నన్ను నాలుగు ప్రశ్నలతో లోపలికి పంపిన బ్రోకర్ దగ్గర్నుంచి ఖాతా మార్చాను. కొత్తది తెరిచే ముందు ఇద్దరు ముగ్గురిని ఒకే ప్రశ్న అడిగాను: "నా కీలు రెండూ, ఫోనూ ఒకే రోజు పోతే నన్ను ఎలా లోపలికి రానిస్తారు?" ఒకరు "ఏం పర్వాలేదు సార్, ఫోన్ చేస్తే నిమిషాల్లో తీసేస్తాం" అన్నారు. ఇంకొకరికి ప్రశ్నే అర్థం కాలేదు. నేను చేరినచోట ఒక అమ్మాయి కాసేపు హోల్డ్‌లో పెట్టి, కనుక్కుని వచ్చి చెప్పింది. గుర్తింపు కార్డుతో వీడియో కాల్‌లో కనబడాలి, పాత నంబరుకీ ఈమెయిల్‌కీ హెచ్చరిక వెళ్తుంది, ఆ తర్వాత మూడు పనిదినాలు ఆగాలి, ఈలోపు ఖాతాలో ఏ ఆర్డరూ పడదు. "కొంచెం కష్టమే సార్, సారీ" అంది.

ఆ మూడు రోజుల్లో నా షేర్లు పడిపోవచ్చు. అందుకే ఇప్పుడు కొన్న వెంటనే స్టాప్‌లాస్ పెడుతున్నాను, రెండో కీ మా అక్క ఇంట్లో బీరువాలో ఉంది. ఆమె రెండోది నా దగ్గర ఉంది.